అతని వంతు

తెల్లారగట్ల ఐదింటికి బీచ్ రోడ్డు
బళ్ళని రానివ్వదు.
అడ్డుకంచెలు, కునికే కానిస్టేబులు,
ఆ సందులోంచి నేను
మేనల్లుడు వదిలేసిన సైకిలు మీద.
సీటు నాకు రెండంగుళాలు ఎత్తు.

నలభై ఆరేళ్ళ మోకాళ్ళు
మొదటి వారం లాసన్స్ బే దాకా,
రెండో వారం తెన్నేటి పార్కు.
కైలాసగిరి ఎత్తులో దిగి నడిచాను
మూడు వారాలు. ఎవరూ చూడలేదు,
కుక్కలు తప్ప.
ఉప్పుగాలి గొలుసుని తినేస్తుంది.
ప్రతి ఆదివారం కిరోసిన్ గుడ్డ, రెండు చుక్కల నూనె.

కిలోమీటరుకి ఇంతని రాసివ్వండంటూ
పుస్తకం పట్టుకు తిరుగుతున్న రోజుల్లో
జాలారిపేట నూకరత్నం
రొయ్యల బుట్ట దించి అడిగింది:
"ఏటమ్మా, తొక్కితే డబ్బులిత్తారేటి?
మా ఆయన పదేళ్ళు రిచ్చా తొక్కినాడు,
ఒక్కడూ ఇలాగ రాసివ్వలేదు."
ఏమనాలో తెలీక పుస్తకం మూసేశాను.
బొడ్లోంచి తడి యాభై తీసి
"రాసుకో" అంది. "పేరొద్దు."

పగలు నా పని ఇంకో చక్రంతో.
డయాలిసిస్ వార్డులో
యంత్రం గుండె మీద అరచేతంత చక్రం
నాలుగు గంటలు తిరుగుతుంది
ఎర్రటి గొట్టాన్ని నొక్కుతూ, వదులుతూ.
ఎక్కడికీ వెళ్ళదు.
మూడో మంచం గౌరీశు
వారానికి మూడు రోజులు
దానితోపాటే ఎక్కడికీ వెళ్ళకుండా వస్తాడు.
ఆరు యంత్రాలు, అందులో ఒకటి పాడు.
ఏడో దానికోసమే ఈ తొక్కుడు,
విశాఖ నుంచి అరకు, నూట పదిహేను కిలోమీటర్లు.

పద్దెనిమిదేళ్ళు ఆ ఘాట్‌లో లారీ నడిపినవాడు.
సూదుల్లేని చేత్తో దుప్పటి మీద
రోడ్డు గీసేవాడు:
"శృంగవరపుకోట దాటాక పౌరుషం వద్దు.
కొండని చూడకండి సిస్టర్,
ముందు చక్రానికి మూడు గజాల అవతల చూడండి, చాలు.
డముకు దగ్గర అందరూ ఫొటోలకి ఆగుతారు. మీరాగొద్దు,
కాళ్ళు చల్లబడితే మళ్ళీ లేవవు.
అనంతగిరి ఇంకో రెండు మైళ్ళుందనగా
ఎడమచేతి వైపు ఊట.
ఎవరో వెదురుబొంగు పెట్టారు..."

ఆగి, మింగాడు.
రోజుకి ముప్పావు లీటరు అతని లెక్క,
మాత్రలు మింగే నీళ్ళతో కలిపి.
ఎండాకాలం ఐసుముక్క చప్పరించినా
అదీ రాసుకుంటాడు.
"అక్కడ మాత్రం దిగండి.
నా వంతు కూడా తాగండి."

డిసెంబరు రెండో ఆదివారం, చీకట్లో
వీపు మీద పిన్నీసులతో నూట ఎనభై ఏడో నంబరు.
పెందుర్తి. కొత్తవలస.
పొలాల మీద మంచు, దాంట్లోకి
గీతల్లా దూసుకుపోయిన కుర్రాళ్ళు.
ఘాట్ మొదట్లోనే గొలుసు జారింది.
పిక్కలు రాళ్ళు.
ముక్కు చివరి చెమట చుక్క రోడ్డు మీద పడితే
దాన్ని నా చక్రమే తొక్కింది.
ఎన్నో మలుపో మర్చిపోయాక
మూడు గజాలు.
మళ్ళీ మూడు గజాలు.

వెదురుబొంగు లేదు.
ప్లాస్టిక్ పైపు, దాని మూతికి కోసిన సీసా.
నీళ్ళు మాత్రం అక్కడే ఉన్నాయి.
ముందు నా దోసిలి.
తర్వాత, దాహం తీరిపోయినా,
నిండుగా ఇంకో దోసిలి,
చివరి చుక్క దాకా.
చల్లదనం నొప్పిగా నుదుటికి పాకింది.

అరకులో పతకం వేసి అరటిపండిచ్చారు.
నా పుస్తకంలో నలభై ఒక్క వేల మూడు వందలు,
అందులో పేరు లేని యాభై.
నా ఒక్కదాని లెక్కన
ఇంకో పదిహేడు సార్లు అరకు ఎక్కాలి.

సోమవారం గోడ పట్టుకుని వార్డుకి నడిచాను.
గౌరీశు త్రాసు మీద నిలబడ్డాడు,
రెండు కిలోల నాలుగొందలు ఎక్కువ.
ఈసారి తిట్టలేదు.
సూదులు పెట్టాను. చక్రం కదిలింది.

"ఊట ఉందా?"
"ఉంది."
"చల్లగానా?"
"పళ్ళు జివ్వుమన్నాయి."

కళ్ళు మూసుకున్నాడు.
గొంతులో ఉత్త గుటక ఒకటి
నెమ్మదిగా కిందికి దిగింది,
ఘాట్ దిగే లారీలా,
రెండో గేరులో.