పదకొండో పన్ను

సెంత్ క్రువాలో మంచు కిటికీ సగం దాకా ఎక్కింది.
నా బల్ల మీద గడియారం
పొట్ట విప్పుకుని పడుకుంది.
లోపలి పిట్ట బొటనవేలంత.
ఈకలు నిజమైనవే, ఊపిరి మాత్రం తోలుతిత్తి.

తిత్తికి చిల్లి. ఉక్కు దువ్వెనలో
పదకొండో పన్ను లేదు.
అందుకే ఇన్నేళ్ళుగా పాట
అక్కడికొచ్చి ఓ మెట్టు తప్పి
మళ్ళీ నడుస్తోంది.

పలక తిప్పితే సూదిమొన గీతలు:
"విరిచింది నేనే. యజమానికి చెప్పలేదు.
ఫిర్మాన్. చలి."

ఏ ఏడో రాయలేదు.
చలి మాత్రం రాశాడు.

నాలుగు రోజులు.
కొత్త పన్ను ఆకురాయికి రాశాను, అతికాను.
వెంట్రుకవాసి కింద పలికింది;
కొసన ఇంకాస్త రాశాను.
తిత్తికి గొర్రెపిల్ల పేగు పొర,
ఉల్లిపొర కన్నా పలచన,
ఊపిరి బిగబట్టి అంటించాను.

తాళం తిప్పితే
పిట్ట తోకాడించింది, ముక్కు తెరిచింది,
ఆ మెట్టు దగ్గరికొచ్చి
దాటేసింది.

మదాం మార్గెరా చేతితొడుగులు తీయకుండానే విన్నది.
"బాగుంది," అన్నది. కాసేపాగి,
"మా అమ్మ ఇక్కడే గుటక వేసేది.
నేనూ అంతే. పిల్లలూ అంతే.
ఇది ఎవరి పాట?"

డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది.
గడియారం రేపు పట్టుకెళ్తానంది.
మెట్లు దిగుతూ కూనిరాగం తీస్తోంది,
సరిగ్గా పదకొండో చోట ఖాళీ వదిలి.

దీపం దగ్గరికి లాగి, పలక మళ్ళీ విప్పి
ఫిర్మాన్ కింద గీశాను:
"అతికింది నేనే. ఇంటివాళ్ళకు నచ్చలేదు.
సిల్వియాన్.
ఇప్పటికీ చలే."