ఐసు గిన్నె

వన్ టౌన్‌లో తాళ్లూ, తార్పాలిన్లూ, గొలుసులూ అమ్మే కొట్టు.
మధ్యాహ్నం రెండు. ఫ్యాను తిరుగుతోంది,
గాలి మాత్రం ఇంకెవరికో అమ్ముడుపోయినట్టుంది.

"సేఫ్టీ బెల్టు కావాలి."
"టవరెక్కడానికా, గోడలకి రంగులెయ్యడానికా?" అన్నాడు జక్రయ్య.
"పడవకి."
"పడవకి లంగరుంటది గానీ బెల్టేంటమ్మా?"
"నాకే. ముసుర్లో, ఈదురుగాలిలో, తెరచాప పడవ మీద."
ఆయన నా భుజం మీదుగా వీధిలోకి చూశాడు,
చలి నా వెంటే వచ్చి గుమ్మం బయట చెప్పులు విడుస్తోందేమో అన్నట్టు.
బెజవాడలో చలి మాటెత్తితే ఎవరైనా అంతే.

సంచీలోంచి స్వెట్టరు తీసి తొడుక్కున్నాను. దాని మీద రెయిన్‌కోటు.
చొక్కా మీద సరిపోయే పట్టీ
తడిసిన ఉన్ని మీద ఊపిరాడనివ్వదు.
చెమట కళ్లలోకి దిగుతుంటే ఒక్కొక్కటే బిగించి చూశాను,
తొడల పట్టీ లేనివి వద్దన్నాను
(నీళ్లలో చంకల్లోంచి జారి పైకి పోతాయి, మనం కిందే ఉంటాం).
కొక్కెం వీపున ఉన్నవన్నీ పక్కన పడేశాను.
ఎందుకని అడిగాడు. చెప్పలేదు.

పోయిన మార్గశిరం, వాయుగుండం తోక.
హంసలదీవి దాటి ఎంతో దూరం పోలేదు.
అరువు తెచ్చుకున్న టవర్ బెల్టు, బారెడున్నర తాడు.
ఒక్క అల.
తాడు నన్ను వదల్లేదు, అబద్ధమెందుకు,
వదలకుండానే పడవ పక్కన బోర్లా ఈడ్చుకుపోయింది.
వీపు వెనక కొక్కేన్ని వెతుకుతున్న వేళ్లు
నావి కావు, ఎవరో కొయ్యతో చెక్కి అతికించినవి.
నాంచారయ్య చేపల కత్తితో తాడు తెగ్గోశాడు.
నన్ను పైకి లాగాక ముందు కత్తి తుడుచుకున్నాడు.
అది ఎందుకో బాగా గుర్తు.

"ఐసు దొరుకుతుందా?"
కొట్లో కుర్రాడు ఎదుటి నిమ్మసోడా బండి నుంచి
స్టీలు గిన్నెడు తెచ్చాడు. నీళ్లు పోయించి
రెండు చేతులూ మణికట్టు దాకా ముంచాను.
వంద లెక్కపెట్టాను. ఇంకో వంద.
మేకుల కోసం వచ్చినాయన మేకులు మర్చిపోయి నిలబడ్డాడు.

మొదటి కొక్కేనికి మర. తిప్పలేకపోయాను.
రెండోదాని స్ప్రింగు గట్టిది, గోరు విరిగింది.
మూడోది భలే తెరుచుకుంది,
రింగులో అడ్డం తిప్పితే దానంతటదే కూడా తెరుచుకుంది.
మళ్లీ ఐసు.
నాలుగోది మసక రంగుది, డబ్బా అడుగున ఎప్పట్నుంచో ఉన్నది.
అరచేత్తో రెండు వైపులా నొక్కితే వదిలింది.
కళ్లు మూసుకున్నాను. వదిలింది.
కుర్రాణ్ణి తాడు పట్టి లాగమన్నాను,
వాడు రెండు కాళ్లూ తన్నిపెట్టి లాగాడు. అయినా వదిలింది,
వాడు వెళ్లి కొబ్బరితాళ్ల కట్టల మీద పడ్డాడు.

"తాడెంత?"
"నా చెయ్యి చాచినంత. పడ్డాక లాక్కోడానికి కాదు,
అంచు దాటనివ్వకుండా."
మేడ మీద కరీమున్నీసా కుట్టుమిషను ఆపి కిందకొచ్చి
కుట్టు ఒక్కొక్కటీ గోటితో గీరి చూసి,
"ఇక్కడ ఇంకో వరస వేస్తా" అని తీసుకెళ్లింది.

ఆ సందులో జక్రయ్య గిన్నెలో చెయ్యి పెట్టాడు.
ఎవరూ చూడట్లేదనుకున్నాడు.
చాలాసేపు ఉంచి, మొదటి కొక్కెం తీసుకుని
మర తిప్పబోయాడు. బల్ల మీద పెట్టాడు. మళ్లీ తీశాడు.
"పుష్యమాసంలో తెల్లారుజామున
టవరు మీద ఇనుము ఇట్టాగే ఉంటది కదమ్మా" అన్నాడు,
నన్ను కాదు.
ఆ మూడూ ఏరి
పాత సామాను డబ్బాలో వేశాడు.

చిల్లర నా అరచేతిలో పోశాడు.
ఎన్ని నాణేలో నాకు తెలియలేదు.
వాటిని పోసిన వేళ్లకీ తెలిసుండదు.