రెండో పూత

శనివారం మూడింటికి
ఐసు ఫ్యాక్టరీ మీది గది తాళం తీస్తుంది నూకరత్నం.
ఒకప్పుడు వలల గోడౌను. ఫినాయిలు ఎంత పోసినా
కవళ్ల వాసన మెట్లమీదే కూర్చుని ఉంటుంది.

ఫిషింగ్ హార్బర్‌లో సగం బోట్ల పేర్లు ఆమె చేతివే.
మొదటి పదేళ్లూ ఆ చేతిని
"ఒరే పెయింటరూ" అని పిలిచారట.
ఆ సంగతి వేరేవాళ్లు చెప్పారు.
ఆమె చెప్పేది బ్రష్షు గురించే.

"తలకట్టు ఆఖర్న ఎట్టండి. ముందు కడుపు గియ్యండి.
అచ్చరంలో గాలి ఆడాల."

కిటికీ గట్టు మీద పోర్టు దుమ్ము, ఇటికరంగు.
మొదట దానిమీద వేలితో.
తర్వాత తలో చెక్క, తుఫానుకి విరిగిన బోట్లవి.
ఎవరి పేరు వాళ్లు రాసుకోవాలి.
ఏ పేరు, అని ఆమె అడగలేదు.
హాజరు పుస్తకంలో మాత్రం రెండు గళ్లున్నాయి:
ఇక్కడ పిలవాల్సింది,
ఇంటికి ఫోను చేస్తే అడగాల్సింది.
రెండూ పెన్సిల్‌తోనే.

జ్ఞానాపురం ఫిలిప్పు
తన పేరు చివరి వత్తుని ఎనిమిదిసార్లు తుడిచాడు,
మీసం దిద్దుకున్నంత శ్రద్ధగా.
ముత్యం సున్నాలో చేపపిల్లని దాచింది.
అసిరయ్యలో అయ్యని వదిలేసి
అసిరి, నీలంరంగులో, మూడే అక్షరాలు.
నా చెక్క మీద ప్రైమరు ఆరి మూడు వారాలు.
పక్కవాళ్ల బ్రష్షులు కడిగి పెడుతుంటాను.

ఇవాళ అసిరి అమ్మ వచ్చింది,
చేపల తట్ట గుమ్మంలో దించి.
ఫ్యాను చప్పుడొక్కటే గదిలో.
ఆమెకి చదువు రాదు. అక్షరాలు లెక్కపెట్టింది.
"ఇంతేనేటి? మిగతాదేదీ?"
"ఇంతేనమ్మా."

పొలుసులంటిన బొటనవేలితో చెక్క అంచు నొక్కింది,
బేరానికి ముందు చేప మొప్ప ఎత్తి చూసినట్టు.
చాలాసేపు.
"ఉప్పుగాలికి నెల్లాళ్లు కూడా ఆగదిది.
రెండో పూత ఎయ్యి."

మెట్లు దిగుతూ మాత్రం
"ఒరే, సీకటి పడకముందే ఇంటికి రా" అంది.
ఆ ఒరేకి అసిరి నవ్విందో లేదో,
రంగుడబ్బా మీద వంగి ఉంది, మొహం కనపడలేదు.
తట్ట అంచుకి అంటిన నీలం
జాలరిపేట వైపు వెళ్లిపోయింది.

నూకరత్నం ఏమీ అనలేదు.
టర్పెంటైను సీసా మూత వెతుక్కుంటోంది.

నా చెక్కని ముందుకి లాక్కున్నాను.
ముందు కడుపు గీశాను.
ఏ అక్షరమవుతుందో చూడాలి.