బియ్యం డ్రమ్ములో ఉత్తరం

ఒకటో తారీకు.
సఖినేటిపల్లి రేవులో పంటు దిగి
బండికి స్టాండైనా వెయ్యకముందే
మంగతాయారు గారు అరుగు మీంచి కేకేశారు:
"ఈ నెల డబ్బులివ్వనబ్బాయ్!
ఆ ఉత్తరంలో ఏం రాసుందో చెప్పి పట్టుకెళ్ళు."

నేను కేబులు వాణ్ణండీ.
స్తంభం నుంచి కొబ్బరిచెట్టుకి, చెట్టు నుంచి పెంకుటింటికి
నల్లతీగ లాగడం వరకే నా పని.
అందులోంచి వచ్చేది నేను వండలేదు.
ఆ మాట ఎవరికి చెప్పనూ?

నాలుగేళ్ళు. పన్నెండొందల భాగాలు.
ఏడున్నరకి 'గోరింట గుమ్మం' మొదలైతే
ఈ లంకల్లో కుక్కర్లు కూడా ఈల ఆపుకునేవి.
కౌస్తుభ్ అపార్థం చేసుకుని వెళ్ళిపోయిన రాత్రి
వైదేహి రాసిన ఉత్తరాన్ని
అత్తగారు లాక్కుని బియ్యం డ్రమ్ములో దాచేసింది.
ఆ మూత ఎన్నిసార్లు తీశారో!
సీమంతానికి, తద్దినానికి, ఎదురింటి వాళ్ళ పెళ్ళికి.
సోల లోపలికి దిగిన ప్రతిసారీ
ఊరంతా ఊపిరి బిగబట్టేది.
కాగితం అంచు కనపడేది.
సబ్బు ప్రకటన వచ్చేది.

మొన్న శనివారం ఆఖరి భాగం.
వంటింట్లో మంటలు.
డ్రమ్ముతో పాటు ఉత్తరం బూడిద.
'ఆరు నెలల తర్వాత' అని అక్షరాలు పడ్డాయి,
అందరూ ఒకే రంగు బట్టలేసుకుని ఫొటో దిగారు,
కౌస్తుభ్ నవ్వాడు, దేనికి నవ్వాడో!
శుభం.

"మూడో నెల అని రాసింది, ఇంకేం రాస్తుంది"
అన్నారు మంగతాయారు గారు, క్రోషా సూది ఆపకుండానే.
లేసులో ఒక్క పువ్వు తప్పుపోతే
ఆవిడ దారం కొస పట్టి లాగేస్తారు,
పువ్వంతా విడిపోతుంది,
మళ్ళీ మొదటి గొలుసు నుంచి అల్లుతారు.
శనివారం నుంచీ ఆవిడ వేళ్ళు
దేన్నో లాగెయ్యాలని చూస్తున్నాయి.
కొస దొరకడం లేదు.

రొయ్యల చెరువు గట్టు మీద సూర్రాజు గారు,
వార్తలు తప్ప చూడనని నాలుగేళ్ళుగా బొంకే మనిషి,
ఏరియేటర్ల హోరులో నన్ను పక్కకి పిలిచి
"మీ డబ్బాలో ఇంకో భాగం ఉండిపోలేదు కదా?" అన్నారు.
లేదండీ అన్నాను.
"చూడు. ఓసారి చూడవయ్యా."

"శుభవంట! ఆళ్ళ మొకం" అంది గ్రేసమ్మ,
షెడ్డు నుంచి అప్పుడే వచ్చి
ఐసుకి పాలిపోయిన వేళ్ళు వేన్నీళ్ళలో పెట్టుకుంటూ.
"నాకు తెల్సండీ. నన్ను నమ్మలేదు కదా, ఇంక రావద్దు,
అని రాసుంటది. అందుకే కాల్చేశారు.
అది చదివితే ఆడికి నవ్వే మొకమేదండీ?"

ఆమె మావగారు ఏసుపాదం.
పుట్టు చెవుడు, పెదాలు చూసి మాట పట్టేస్తాడు.
నాలుగేళ్ళూ మంచం అంచున కూర్చుని
ఒక్క పాట వినకుండా, ఒక్క ఏడుపు వినకుండా
మొహాలు మాత్రమే చూశాడు.
నా చెయ్యి పట్టుకుని, గొంతులో నలిగిన మాటలతో,
"వాడు చదివేశాడు" అన్నాడు.
"మొదటి వారంలోనే.
చదివి, మళ్ళీ బియ్యంలో పెట్టేశాడు.
వాడి కళ్ళు చూళ్ళేదా మీరెవరూ?"

గ్రేసమ్మ వేళ్ళు నీళ్ళలోనే ఉండిపోయాయి.
నేను రసీదు రాయడం మర్చిపోయాను.

తిరుగు పంటులో వసూలు లెక్కెట్టాను.
పదకొండిళ్ళ బాకీ.
గోదారి ఆటుకి తీసి ఉంది, బురద వాసన.

ఏడున్నరకి మా ఇంట్లో
ఎవరో చిన్నపిల్లలు డాన్సు చేస్తున్నారు, శబ్దం లేకుండా.
హైమ రిమోట్ పక్కన పెట్టి పులుసు వడ్డించింది.
ఈ నాలుగేళ్ళూ మా కాపురమంతా
ప్రకటనల మధ్య మూడేసి నిమిషాలు:
గ్యాసు అయిపోయింది, పిల్లకి జొరం,
మీ అన్నయ్య ఫోన్ చేశాడు, ష్, వచ్చేసింది.

ఏసుపాదం మాట చెప్పాను.
తను చాలాసేపు టీవీ వైపే చూసింది.
"నేను రాసింది నువ్వు చదివావా?" అంది.

ఏ సబ్బూ రాలేదు, ఏ సిమెంటూ రాలేదు.
కంచంలో పులుసు చల్లారుతోంది.

"ఎప్పుడు రాశావ్?" అన్నాను.