ఆరు గంటల పన్నెండు నిమిషాలు

తెల్లారి ఎనిమిదింటికి ఆ అమ్మాయికి పిలుపు.
ఆ రాత్రికి నేనే ఆఫీసర్ని.

వంటింటి బల్లకి ఇవతల నేను, అవతల గోల్‌నార్.
మధ్యలో గాజు అద్దం లేదు గనక
టీ కెటిల్ పెట్టాను.
కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి
గొంతులోంచి బామ్మని తీసేసి అడిగాను:
ఎక్కడ కలిశారు?
పెళ్ళికి ఎంతమంది వచ్చారు?
అతను పళ్ళు ఏ చేత్తో తోముకుంటాడు?

నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు.
పన్నెండేళ్ళుగా నా ముందుగదిలో
భార్యలు దిగుతున్నారు, అప్పుడప్పుడు భర్తలు.
వాళ్ళ దేశంలో ఆ ఆఫీసు లేదట.
రాత్రంతా బస్సులో కూర్చుని, సరిహద్దు దాటి
యెరెవాన్ వస్తారు,
ఇంకెక్కడో ఉన్న మనిషిని చేరుకోడానికి.
వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను ఇంత పారసీ.
మొదట వచ్చిన మాటలు: ప్రశ్న, జవాబు, ఉప్పు,
భయపడకు.

గోల్‌నార్‌ది రష్త్. అక్కడ వాన ఆగదట.
మా ఎండకి రెండ్రోజుల్లో పెదాలు పగిలాయి.
టీకాలు వేయించుకున్న ఎడమ చెయ్యి పైకి లేవక
జడ నేనే వేశాను.

ఫైలు ఆకుపచ్చది, అరచెయ్యంత మందం.
పెళ్ళి కాగితం, దాని అనువాదం,
అనువాదం నిజమేనన్న ముద్ర,
ఆ ముద్ర నిజమేనన్న ఇంకో ముద్ర.
కలిసి ఉన్నది మొత్తం పదిహేడు రోజులు.
ఫోటోలన్నిట్లో అతను అదే నీలం చొక్కా.
"మంచిది అదొక్కటే ఉంది" అంది,
చొక్కా తరఫున క్షమాపణ అడుగుతున్నట్టు.

తర్వాత ఫోను లెక్కలు, నలభై పేజీలు.
ఒక వరస మీద వేలు పెట్టాను.
మార్చి తొమ్మిది. ఆరు గంటల పన్నెండు నిమిషాలు.
ఇంతసేపు ఏం మాట్లాడుకున్నారు?

అంతవరకూ తడుముకోని పిల్ల
చెంచా తిప్పడం ఆపేసింది.
"ఏమీ మాట్లాడుకోలేదు."

ఫ్రెస్నోలో బెహ్‌జాద్‌కి రొట్టెల కొట్లో రాత్రి పని.
ఫోను పిండి డబ్బా మీద నిలబెట్టి
మిషను తిప్పుతాడు, గంగాళాలు ఈడుస్తాడు,
ఎవర్నో తిడతాడు, దగ్గుతాడు.
ఇక్కడ పగలు. ఈమె బియ్యం ఏరుతూ వింటుంది.
ఎప్పుడో "ఉన్నావా?" అంటాడు.
"ఉన్నా."
ఆరు గంటలూ అదే.
పన్నెండు నిమిషాలు, ఎవరు ముందు పెట్టేయాలా అని.

ఇది చెప్పకు, అన్నాను.
ఇల్లు, డబ్బు, పుట్టబోయే పిల్లలు,
లోకం మాట్లాడుకునేవి చెప్పు.
తలూపి, పుస్తకంలో రాసుకుంది.
రాసింది కొట్టేసింది.

టీ పొయ్యడానికి లేచాను.

మా వార్తాన్ సరాతోవ్ వెళ్ళేవాడు,
ఏటా మంచు కరగ్గానే, ఇళ్ళు కట్టే పనికి.
సరిహద్దులో ఒక్కరూ అడగలేదు
నేనే వైపు తిరిగి పడుకుంటానో,
మా పెళ్ళిలో ఏం వండారో.
టికెట్టుంటే చాలు.
పది చలికాలాలు వచ్చాడు.
పదకొండో చలికాలం డబ్బొచ్చింది.
పన్నెండోది అదీ లేదు.
ఫోన్లో మేం బాగానే మాట్లాడుకునేవాళ్ళం:
గ్యాసు బిల్లు, బంగాళాదుంపల ధర, అల్లుడి ఉద్యోగం.
గంటకి తక్కువ కాకుండా మాటలు.
ఏ ఆఫీసరైనా నమ్మేవాడు.

"మళ్ళీ అడుగు" అంది వెనకనించి.
మార్చి తొమ్మిది, అన్నాను కెటిల్ వైపే చూస్తూ.
"ఆయన రొట్టెలు చేశాడు. నేను విన్నాను."
ఈసారి దిద్దలేదు.

ఏడింటికి టాక్సీ వచ్చింది.
ఫోను లోపలికి పోనివ్వరు.
కట్ చెయ్యొద్దని చెప్పి నా చేతిలో పెట్టి
మెట్లు దిగింది, ఫైలు బిడ్డలా ఎత్తుకుని.

దాన్ని కెటిల్‌కి ఆనించి
బంగాళాదుంపలు ముందేసుకున్నాను.
అటు అప్పుడే రాత్రి. మిషను తిరుగుతోంది.
ఏదో పళ్ళెం కింద పడింది. ఎవరో నవ్వారు.
ఎనిమిది దాటింది. తొమ్మిది.

"ఉన్నావా?"

కత్తి ఆపాను.
ఇంకా రాలేదు బాబూ, అనాలి.
నాకొచ్చిన పారసీలో ఆ మాటలు వెతుక్కునేలోగా
మళ్ళీ మిషను మొదలైంది.