ఎర్రగడి

మా ఊళ్లో ఇటుకలకీ దొంగలున్నారు.
పాడుబడ్డ ఇంటికి రాత్రి నిప్పు పెడతారు.
ఫైరింజను నీళ్ల ధాటికి పాత సున్నం వదులవుతుంది,
తెల్లారేలోగా గోడ లారీ ఎక్కేస్తుంది.
ఉత్తర సెయింట్ లూయిస్ ఎర్రమట్టి
ఇప్పుడు ఎక్కడో, ఎవరి పెరట్లోనో
మాంసం కాల్చుకునే పొయ్యి.

మా వీధిలో ఇరవై రెండు గుమ్మాలుండేవి.
తొమ్మిది మిగిలాయి. తక్కినదంతా మోకాలెత్తు గడ్డి.
అందులో ఆరిళ్లు నిలబెడదామని మా సంఘం.
సంఘమంటే చర్చి నేలమాళిగ, పది మడత కుర్చీలు,
లెక్కలు రాసే నేను.

వెర్లీన్ టాలివర్ వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచాను.
ఎడమవైపు, డబ్బు ఎక్కణ్నించి వస్తుందో.
కుడివైపు, ఎటు పోతుందో.
రెండూ తూగితే ఇల్లు. తూగకపోతే కాగితం.

నగరం ఇస్తుంది, బ్యాంకు ఇస్తే.
బ్యాంకు ఇస్తుంది, నగరం ఇస్తే.
పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు,
పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు.
ఫౌండేషన్ వారు మాత్రం
రిబ్బను కత్తిరించే రోజు ముందే చెప్పమన్నారు.

పన్ను రాయితీల్ని ఎవరో కంపెనీవాళ్లు కొంటారు,
డాలరుకి ఎనభై ఏడు సెంట్లు.
"మన లేమికి కూడా డిస్కౌంటేనా?" అంది వెర్లీన్,
బఠాణీలు వలుస్తూ.

విలువ కట్టే కోర్ట్‌లండ్ మీక్స్ వచ్చి వెళ్లాడు.
ఒక్కో ఇల్లు కట్టడానికి లక్షా ఎనభై వేలు.
కట్టిన మర్నాడు దాని ధర తొంభై.
ఇల్లు చేసిన నేరం ఏమిటంటే
పక్కన ఇల్లు లేకపోవడం.

అన్నీ కూడాక, అట్టడుగున ఒక గడి ఎర్రబడింది:
రెండు లక్షల పద్నాలుగు వేలు.
ఎన్నిసార్లు కూడినా అంతే. రాత్రి రెండింటికి కూడినా అంతే.

పరపతి సంఘం నుంచి మిర్సాదా కపిచ్ వచ్చింది,
బోస్నియా యాస, బురదకి సిద్ధపడ్డ బూట్లు.
నా పట్టికలు తిరగెయ్యలేదు.
వెర్లీన్ కిటికీలోంచి బయటికి పాకిన
నారింజరంగు వైరు వెంట నడిచింది.
గడ్డి దాటి, కంచె దాటి,
పక్కనున్న ఖాళీ ఇంటి వరండాలో
వెలుగుతున్న ఒక బల్బు దాకా.

"ఎవరో ఉన్నారనుకుంటారు కదా దొంగలు," అంది వెర్లీన్.
నెలకి పదకొండు డాలర్లు, పంతొమ్మిదేళ్లు.
నా వేళ్లు వాటంతటవే లెక్క కట్టాయి:
రెండు వేల అయిదువందల ఎనిమిది.

"ఇది ఏ వరసలో రాశావు?" అని అడిగింది మిర్సాదా.
వచ్చిన డబ్బులోనా, పోయిన డబ్బులోనా?
నా దగ్గర అలాంటి వరస లేదు.
ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.
వాళ్ల ఊళ్లో వాళ్లింటికి
పరాయివాళ్లెవరో పైకప్పు వేశారట, అంతే చెప్పింది,
కుళాయి రావడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టిందట.

సోమవారం ఉత్తరం వచ్చింది. లక్షా నలభై వేలు,
నాలుగు శాతం వడ్డీ, రెండేళ్లు అసలు అడగరు.
గడి చిన్నదైంది. ఎరుపు పోలేదు.

"అయితే వైరు ఉంచనా, తీసెయ్యనా?" అంది వెర్లీన్.
ఉంచమన్నాను.
బల్బు మాడిపోయింది, కొత్తది కొనాలి అంది.
దానికి రసీదు తెమ్మన్నాను.