పావుసేరు బొరుగులు

ఆదోని బస్టాండులో, మరుగుదొడ్ల గోడ మీద
పోస్టరుకు జిగురింకా ఆరలేదు.
రక్తం కారినట్టు అక్షరాలు: నిజంగా జరిగిన కథ.

నిజంగా జరిగినదాన్ని రాసినోణ్ణి నేను.
పదిహేడేండ్ల కిందట, స్టేషన్ రైటరుగా,
కార్బన్ కాగితాలు పెట్టి మూడు కాపీలు.

జిన్నింగు మిల్లు వెనక, పత్తిగింజల గోదాములో
తల ఉత్తరానికి, కాళ్లు దక్షిణానికి.
ఆడమనిషి. వయసు సుమారు ముప్పై.
మద్దిలేటమ్మ అని చెల్లెలు గుర్తుపట్టింది.
ఎడమకాలి చెప్పు ఉంది, కుడిది లేదు.
గాయాలు పదకొండని రాసి, మళ్లీ లెక్కబెట్టి
పదమూడని దిద్ది, దిద్దినకాడ సంతకం పెడితి.
కొంగుముడిలో బొరుగులు, పావుసేరు, తడిసినవి.

అంతే. నాలుగు పేరాలు.
పత్తి ఏ రంగుకు తిరిగిందో రాయలేదు,
ఆ గడి లేదు ఫారంలో.

పోయినేడు సినిమావాళ్లొచ్చినారు.
గడ్డం పిల్లోడు, శానా మర్యాదస్తుడు.
ఉగ్గాని బజ్జీ తింటా, కారానికి ముక్కు తుడుచుకుంటా
అడిగె: రక్తం యాడిదాకా పారింది సార్?
గడపదాకా, అంటి.
రాసుకునె.
అరుపులు ఎవరన్నా విన్నారా సార్?
మిల్లు ఆడతాంటే పక్కోని మాటే ఇనపడదు నాయనా, అంటి.
అది రాసుకోలే.
పోతా పోతా కవరు చేతిలో పెట్టె.
వద్దంటి. మళ్లీ వద్దంటి.
మూడోసారి మోకాళ్ల మందులు గుర్తొచ్చె.

ఫస్ట్ షోకు పోతి.
ఆ ఒక్క సీను పదకొండు నిమిషాలు.
గడియారం చూసుకునే అలవాటు రిటైరయినా పోలేదు.
కత్తి కిందినుంచి, కత్తి పైనుంచి,
కత్తి అలుగులో ఆమె కన్ను.
పిల్లోళ్లు ఈలలు. ఒకడు వాంతి చేసుకుంటే
పైసలు గిట్టినాయిరా అని పక్కోడు వీపు చరిచె.
ఇంకొకడు మొగం కప్పుకోని, వేళ్ల సందుల్లోంచి చూస్తాండె.
వాణ్ణి ఏమనను? నేనూ అట్లనే చూస్తాంటి.

అసలోడు మిల్లు ఫిట్టరు, బక్కోడు,
లాకప్పులో చట్నీ చాల్లేదని పోట్లాడినోడు.
సినిమాలో వానికొక చిన్నతనముంది, ముసుగుంది,
వాడొస్తే వాయించేదానికి వయొలిన్లున్నాయి.
ఆమెకు మెడ ఉంది.

ఇంటర్వెల్లు. లైట్లు.
రెండో వరుసలో ఉరుకుందమ్మ, ఆ చెల్లెలు.
తల నెరిసింది. టికెట్టును
కోర్టు సమన్ల మాదిరి రెండు చేతులా పట్టుకోనుంది.
అక్క కొడుకు తోలుకొచ్చినాడంట, లోపలికి రాలేదంట,
బయట స్కూటరు మీదే ఉండాడంట.
నన్ను గుర్తుపట్టె.
సామీ, అనె.
మా యక్క అంతసేపు అరిచిందా?

మూడో పేరాలో ఉంది.
నోటినిండా పత్తి కుక్కి ఉన్నది, అని నేనే రాసింటి,
గుండ్రటి అక్షరాలతో.

లేదమ్మా, అంటి. అరవలేదు.

పదిహేడేండ్ల ఊపిరి వదిలె ఆయమ్మ.
అట్లయితే తొందరగానే పోయిందేమోలే, అనె.
నేను నేలచూపులు.
అబద్ధం ఒక్క ముక్క చెప్పలేదు,
ఏ కోర్టులోనన్నా నిలబడే మాటే చెప్పినా,
అయినా గొంతులో ఏదో పీచు అడ్డం పడినట్టు.

గేటుదాకా తోడు పోతి.
స్కూటరు మీద పిల్లోడు ఫోనులోంచి తలెత్తలేదు.
ఆయమ్మ వాని భుజం మీద చెయ్యేసి
నాతో అనె, నవ్వుతాండాదో ఏడుస్తాండాదో తెలీకుండా:
ఆ పొద్దు వీడు బొరుగులు బొరుగులని ఒకటే ఏడుపు సామీ.

ఎంత అని రాసినా. తడిసినవని రాసినా.
ఎవరికి, అని అడగలేదు నేను.

వాళ్ల స్కూటరు పత్తి మార్కెట్టు వైపు తిరిగిపాయ.
లోపల రెండో సగం మొదలయింది,
అరుపు గోడ దాటి బయటికొస్తాండె.
బజ్జీల బండోడు నూనెలో ఇంకో వాయి వేసె.